నిండా పోస్తే ఆగిపోయే బండి

జమునకు బండి నడపరాదని కామారెడ్డిలో నలుగురు బండ్ల మిస్త్రీలు, ఎల్లారెడ్డిలో ఇద్దరు తేల్చేశారు. ఆ ఆరుగురిలో ఒక్కడైనా ఆమె పక్కన కూర్చుని పది కిలోమీటర్లు వచ్చిన పాపాన పోలేదు. నేను వచ్చాను. 2012 చలికాలమంతా వారానికి నాలుగు రోజులు ఆ బండిలోనే వచ్చాను. కాబట్టి ఎవరేమనుకున్నా ఇది నేనే రాస్తాను.

మా ఊరు లింగంపేట పక్కనే. డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీ మానేశాను. కారణాలు అడగొద్దు, పెద్దవేమీ లేవు. ఇంట్లో కూర్చుంటే మా నాయన గంగారాం ముఖం చూడాలి. అది తప్పించుకోవడానికి మా టమాటాలు కామారెడ్డి మార్కెట్టుకు చేర్చే పని నెత్తినేసుకున్నాను. ఆ దారిలో పొద్దున్నే వచ్చే బండి జమునది ఒక్కటే.

ఆమెది ఎల్లారెడ్డి అవతల ఒక తండా. ముప్పై ఏళ్ళుంటాయి. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది దాకా చదివింది. పెళ్ళయ్యాక మొగుడు దేవీసింగ్‌తో కలిసి ఏటా మహారాష్ట్ర వైపు చెరుకు నరకడానికి పోయేది. అలా ఆరేళ్ళు నరికి, దేవీసింగ్, వాళ్ళన్న హరిలాల్ కలిసి ఒక పాత పికప్ కొన్నారు. కాగితాలు దేవీసింగ్ పేరు మీద, నడిపేది దేవీసింగే. నాలుగేళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఒక సీజనులో చెరుకు లోడు జారి అతని కుడి మోకాలి మీద పడింది. ఆ మోకాలు ఇక వంగలేదు. బ్రేకు తొక్కే కాలు అది.

బండి అమ్మేద్దామన్నాడు హరిలాల్. జమున మొగుడి మంచం దగ్గర కూర్చుని ఒకే మాట అడిగిందట: “నాకు నేర్పుతవా, లేదా?”

అతను పక్క సీట్లో కాలు చాపుకుని కూర్చుని, కోసిన వరి మళ్ళలో నేర్పాడు. నేర్పడమంటే బూతులు తిట్టడమే. ఆమె రెట్టింపు తిట్టేది. లైసెన్సు కోసం పోతే, అక్కడ కుర్చీలో ఉన్నాయన “మీ ఆయనను పంపియ్” అన్నాడు. ఆమె ఎనిమిది పాసైన కాగితం బల్ల మీద పరిచి, “పరీక్ష నాకు పెడ్తవా, ఆయనకా?” అంది. పెట్టాడు. పాసైంది.

ఇంట్లో ఆ బండిని అందరికంటే ఎక్కువ ప్రేమించేది అత్త గాంగి. పూర్వం ఆమెకు ఒక జత ఎడ్లుండేవి. అవి పోయాక ఈ బండే ఆమెకు ఎద్దు. ప్రతి దసరాకు బండిని కడిగి, నాలుగు చక్రాలకూ బొట్లు పెట్టి, డీజిల్ పోసే మూతికి మాత్రం, మూత మీదుగా, పసుపూ కుంకుమా నూనెలో కలిపి దండిగా మెత్తేది. ఎద్దు మూతికి కూడా అలాగే మెత్తేదట. తినే నోటికి ముందు పూజ. ఆ పూజను కడగడానికి వీల్లేదు, మళ్ళీ దసరాకు దాని మీదే కొత్తది.

ఆ ఏడు దసరా పోయిన పదిహేను రోజులకు బండి ఆగడం మొదలైంది.

ఎలా ఆగేదో చెప్తాను. ముందు లాగుడు తగ్గుతుంది. ఎంత తొక్కినా ఎక్కదు. తర్వాత దగ్గొచ్చిన ముసలాయనలా ఇంజిన్ ఒణుకుతుంది, గేరు కర్ర చేతిలో కొట్టుకుంటుంది. నాలుగు కుదుపులు, అంతే. రోడ్డు మధ్యలో నిశ్శబ్దం. వెనక నా టమాటాలు.

మొదటిసారి తాడ్వాయి ఇవతల ఆగినప్పుడు మోటారు సైకిల్ మీద పోయే ఒకడు నెమ్మది చేసి, “ఏందక్కా, ఒక్కదానివే రాస్తారోకో చేస్తున్నవా?” అన్నాడు. ఉద్యమం రోజులు, రోడ్డు మీద ఏది ఆగినా రాస్తారోకోనే.

“ఔ తమ్మీ, నువ్వు గూడ కూసో. ఇద్దరమైతం,” అంది జమున.

ఆగిన ప్రతిసారీ దేవీసింగ్ పక్క సీట్లోంచి అరిచే అరుపు ఒకటే: “ముందుగాల డీజిల్ సూడు!” డీజిల్ చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. అందుకే ఒక కంది కట్టె పెట్టుకున్నారు. మూత తీసి, కట్టె ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో చూడాలి. చూస్తే డీజిల్ ఉంటుంది. అప్పుడు మూత పెట్టి, బానెట్ లేపి, ఫిల్టరు పక్కన ఇంజిన్‌కు డీజిల్ ఎక్కించే చేతి పంపు కొట్టడం, పైపులు గుంజి చూడటం, ఒక నిమ్మకాయ చక్రం కింద పెట్టడం. బండి స్టార్టయ్యేది. పంపు వల్ల అయిందని దేవీసింగ్, నిమ్మకాయ వల్ల అయిందని గాంగి.

కామారెడ్డిలో భూమేశ్ అనే మిస్త్రీ ఉన్నాడు. పాత డీజిల్ బండ్లకు పేరున్న చెయ్యి. జమున తీసుకుపోతే అతను మొదట మూత తీసి, టార్చి వేసి ట్యాంకు చూశాడు. తర్వాత ఫిల్టరు మార్చాడు, పైపులు ఊది బిగించాడు. బండి వేసుకుని ఊరంతా తిరిగొచ్చాడు. ఎక్కడా ఆగలేదు. మూడు రోజులకు మళ్ళీ ఆగింది. మళ్ళీ పోయాం. మళ్ళీ మూత తీసి చూశాడు, మళ్ళీ తిరిగొచ్చాడు. మళ్ళీ ఆగలేదు.

“సూడమ్మా, బండి మంచిగనే ఉన్నది,” అన్నాడు షెడ్డులో నలుగురు డ్రైవర్లు వింటుండగా. “నడిపేటోళ్ళది తప్పు. క్లచ్ మీద కాలు వెట్టి నడుపుతున్నవ్.”

“క్లచ్ మీద కాలుంటే ఇంజిన్ ఎట్ల ఆగుతదన్నా? తొక్కకుంటే గదా ఆగేది?”

డ్రైవర్లు నవ్వారు. భూమేశ్‌కు కోపమొచ్చింది. “నాకే నేర్పుతున్నవా? నేను నడిపితే ఆగదు, నువ్వు నడిపితే ఆగుతది. ఇంకేం జెప్పాలె? నీకు నడుపరాదు. ఇంటికాడ రొట్టెలు చేసుకో.”

ఆమె బండెక్కి తలుపు వేసిన చప్పుడుకు షెడ్డు రేకులు అదిరాయి.

తిరిగొచ్చేటప్పుడు నేను తెలివైన సలహా ఒకటి ఇచ్చాను. నేనే కాదు, అందరూ ఇచ్చిందే: ముల్లు పనిచేయదు కాబట్టి ఎందుకైనా మంచిది, ట్యాంకు నిండా పోయించు. అప్పటిదాకా వాళ్ళు పదేసి లీటర్లే పోయించుకునేవాళ్ళు, చేతిలో డబ్బున్నప్పుడు వారానికోసారి నిండా. ఆమె నిండా పోయించడం మొదలుపెట్టింది. అప్పటినుంచి వారానికి ఒకసారి ఆగే బండి, ఒకరోజు విడిచి ఒకరోజు ఆగసాగింది.

హరిలాల్‌కు ఇది చాలు. ఒక బుధవారం పొద్దున తండాలో బండి ముందుకొచ్చి నిలబడ్డాడట. బావ ఎదురుగా ఉంటే కొంగు నుదుటి మీదికి లాక్కోవడం వాళ్ళ పద్ధతి. జమున లాక్కుంది, కానీ ఇంజిన్ ఆపలేదు. వాళ్ళ భాషలో ఏమేమో అనుకున్నారట. లింగంపేటలో నేనెక్కాక దేవీసింగే నాకు తెలుగులో చెప్పాడు.

“ఆదివారం డోంగ్లి నుంచి ఒకడు వస్తడట, పటేలా. బండి సూసి తీస్కపోతడట. నేను సంతకం వెడ్త అని చెప్పిన.”

“పెట్టిన చెయ్యి ఇర్గుతది,” అంది జమున రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

“మరేం చేద్దామే? నడ్వని బండిని వట్టుకుని ఎన్నొద్దులు ఏడుద్దాం? మల్ల చెరుకు నరుకుడే మన గతి.”

“నీ కాలు మీద వడ్డది చాల్లేదా?”

సంగతి అదీ. బండి పోతే ఆమె మళ్ళీ కొడవలి పట్టుకుని ఆరు నెలలు గుడారంలో ఉండాలి, ఇతను ఒంటరిగా తండాలో. ఆదివారానికి నాలుగు రోజులు.

ఆ రోజు టమాటాలు దించాక ఆమె తన వైపు తలుపు తెరిచి లోపలి రేకు చూపించింది. సుద్దముక్కతో రాసిన గీతలు. ఎంత డీజిల్ పోసింది, కామారెడ్డి ఎన్ని కిలోమీటర్లున్న రాయి దగ్గర ఆగింది. మూడు వారాలుగా రాస్తోందట. నేను రోజూ పక్కనే కూర్చుని ఒక్కసారీ చూడలేదు.

“తమ్మీ, నువ్వు కాలేజీకి వోయినవ్ గదా. గీ లెక్క సూడు.”

చూశాను. నిండా: ఇరవై రెండో రాయి. సగం: ఆగలే. పది లీటర్లు: ఆగలే. నిండా: ఇరవై నాలుగు. నిండా: ఇరవై రెండు. సగం: తాడ్వాయి దాటినంక కొద్దిగ ఒణికింది, ఆగలే.

“ఎక్కువ పోస్తే తొందరగా ఆగుతోందా?” అన్నాను. “అట్ల ఉండదక్కా.”

“ఉండదంటే ఎట్ల? ఆగుతంది గదా!”

దేవీసింగ్ నవ్వాడు. “మా అన్న గూడ గట్లనే. కొద్దిగ తాగితే ఇంటికొస్తడు, నిండ తాగితే దారిలనే.”

ఆమె నవ్వలేదు. “ఇంజిన్ల రోగముంటే డీజిల్ ఎంతున్నా ఆగాలె. నిండ ఉంటెనే ఆగుతందంటే రోగం ఇంజిన్ల లేదు. ట్యాంకుల ఉన్నది.” ఆ మాట భూమేశ్ అనలేదు. కాలేజీలో రెండేళ్ళు కూర్చున్న నేనూ అనలేదు.

గురువారం దేవీసింగ్ మోకాలి నొప్పితో రాలేదు. ఎల్లారెడ్డి బంకులో ఆమె కావాలనే మూతి దాకా పోయించింది. లింగంపేటలో నేనెక్కాను. ఇరవై మూడో రాయి దాటగానే బండి ఒణికింది. ఇరవై రెండో రాయి ముందు చచ్చింది. నేను అలవాటుగా దిగి కంది కట్టె తీసుకున్నాను.

“పెట్టెయ్ దాన్ని,” అంది. “ఇయ్యాల కట్టె ముట్టద్దు.”

“ఎందుకు?”

“రోజూ ముందుగాల కట్టె, తర్వాత తతిమ్మా పనులు. ఏది చేస్తే నడుస్తుందో ఎట్ల ఎరుక? ఇయ్యాల కట్టె ఆఖరున.”

చేతి పంపు కొట్టింది. స్టార్ట్ చేసింది. లేదు. పైపులు గుంజి చూసింది. లేదు. మళ్ళీ పంపు కొట్టింది, ఈసారి వంద లెక్కపెట్టి. లేదు. నా టమాటాలకు మార్కెట్టు పోతోంది. నాకు ఒళ్ళు మండింది. “అక్కా, నీ పరీక్షలు రేపు చేసుకో, నా మాల్ మెత్తగయితంది!” అన్నాను.

“మెత్తగయితే సూప్ చేస్కుని తాగు. ఆగు.”

అప్పుడు మూత మీద చెయ్యి వేసింది. తిరగలేదు. రెండు చేతులతో పట్టి, కాలు చక్రానికి తన్నిపట్టి తిప్పింది. లోపల ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టుంది. ఒక్కసారిగా ఊడింది. ఉస్సుమని పెద్ద శబ్దం, పాము బుస కొట్టినట్టు. బయటి గాలి లోపలికి దూరిపోయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రోజూ దేవీసింగ్ కేకల్లో ఆ బుస మాకెవరికీ వినపడలేదు.

మూత పెట్టి, పంపు నాలుగు కొట్టి, తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే పట్టుకుంది.

నేను ఎగిరి గంతేశాను. ఆమె వేయలేదు. “ఒక్కపారి అయితే నమ్మద్దు,” అంది. కామారెడ్డిలో సరుకు దించాక మళ్ళీ నిండా పోయించింది. తిరుగు దారిలో తాడ్వాయి దాటాక బండి ఒణకడం మొదలుపెట్టగానే, చావనివ్వకుండా పక్కకు ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే నన్ను దింపింది. “తియ్ మూత!” నేను గుంజి తీశాను. బుస. ఒకటి, రెండు, మూడు అంకెలు లెక్కపెట్టేలోగా ఇంజిన్ గొంతు సవరించుకుని నున్నగా ఆడింది. నేను ఆ శబ్దం ఇప్పటికీ ఎవరికైనా నోటితో చేసి చూపిస్తాను.

ట్యాంకులోంచి డీజిల్ పోతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే లోపల బిగుసుకుని డీజిల్ వెనక్కి గుంజుకుంటుంది, ఇంజిన్‌కు అందదు. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గాలే సర్దుకుంటుంది. నిండా ఉంటే సర్దుకోవడానికి గాలి లేదు. అందుకే నిండా పోస్తే ఆగడం. మూత తీసి చూసిన ప్రతివాడూ తనకు తెలియకుండానే బండిని బాగుచేసి, తర్వాత జమునను తిట్టాడు.

గాలి ఎందుకు రావడం లేదు? ఆ రోజు నేను లింగంపేటలో దిగకుండా ఎల్లారెడ్డి దాకా పోయాను; అక్కడి బంకులో ఇంకో పికప్ నిలబడి ఉంది. జమున ఎవర్నీ అడక్కుండా దాని మూత తీసి పట్టుకొచ్చింది.

“ఏయ్, నా మూత ఎటు వట్కపోతున్నవ్?” అని ఆ డ్రైవరు వెంటపడ్డాడు.

“మింగనులే, నిలవడు!”

ఆ మూత నడుమ సూది పట్టేంత తూటు. తన మూత చూసుకుంది. నడుమ తూటు లేదు. అసలు రేకే కనపడటం లేదు. బెల్లం అచ్చులా గట్టిపడిన పసుపూ కుంకుమా. అయిదారు దసరాలవి; ఈ ఏటిది ఎండి ఆ తూటును పూర్తిగా మూసేసింది.

నేను జేబులోంచి పిన్నీసు తీశాను. “ఇక్కడే పొడిచేద్దాం, అవ్వకు తెల్వదు.”

“దొంగతనం చేసిననా? ఇంటికాడ, ఆమె ముంగటనే తీస్త,” అంది.

శుక్రవారం పొద్దున నేను పనిగట్టుకుని తండాకు పోయాను. జమున వాకిట్లో కూర్చుని వేడినీళ్ళు, చెంచా, సూది పెట్టుకుని మూతను గీకుతోంది. గాంగి దూరంగా అరుగు మీద. ముందు అరిచింది, శాపాలు పెట్టింది. పూజను గోకిన ఇల్లు బాగుపడదంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరారు. జమున చెయ్యి ఆపలేదు.

“నా చెయ్యి వల్లనే బండి ఆగిందా?” అంది చివరికి గాంగి. నాకు అర్థం కావాలనో ఏమో, తెలుగులోనే.

“నీ చెయ్యి గాదు యాడీ,” అంది జమున. యాడీ అంటే అమ్మ. “గీడ తూటుంది. అది బండికి ముక్కు. మనం నోరనుకున్నం.”

సూది లోపలికి దిగింది. మూతను ముసలామె ముఖం దగ్గర పెట్టి, వెనకనుంచి ఊదింది. సన్నని గాలి గాంగి చెంపకు తగిలింది. ఆమె చెంప తడుముకుంది. లేచి లోపలికి పోయింది. ఆ పూట తిండి తినలేదట. సాయంత్రం మాత్రం బయటికొచ్చి, “బొట్టు వెట్టుడైతే మాన. జాగ మారుస్త,” అని చెప్పి పోయిందట.

ఆదివారం డోంగ్లి ఆసామి వచ్చాడు. లావుపాటి మనిషి, మహారాష్ట్ర సరిహద్దు ఊరు కాబట్టి సగం తెలుగు, సగం మరాఠీ. కామారెడ్డిలో భూమేశ్ చూసి సరేనంటేనే కొంటానన్నాడు. జమున బంకులో మూతి దాకా పోయించింది. ముందు ఆమె, కాలు చాపుకుని దేవీసింగ్, ఆసామి. వెనక నేను, హరిలాల్. అతను రాళ్ళు లెక్కపెడుతున్నాడు. ఎక్కడ ఆగుతుందో తండా అంతటికీ తెలుసు.

“గిప్పుడు సూడు, పటేలా, ఆగుతది,” అన్నాడు ఇరవై నాలుగో రాయి దగ్గర.

ఆగలేదు.

“ఇరవై రెండుకు ఆగుతది.”

ఇరవై రెండో రాయి వెనక్కి పోయింది. తాడ్వాయి వచ్చింది. పదో రాయి దగ్గర నేనే ఉండబట్టలేక, “దిగి తోద్దామా హరిలాలన్నా?” అన్నాను. నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

భూమేశ్ షెడ్డులో ఆదివారమైనా అయిదారుగురు డ్రైవర్లున్నారు. అతను బానెట్ లేపి, రేసిచ్చి, చెవి పెట్టి విన్నాడు. “మంచిగున్నది. ఏడ గూడ ఆగకుంట వచ్చిండ్రా? ఎవరు చేసిండ్రు?”

“నేను,” అంది జమున.

“ఏం జేసినవ్?”

“చెప్త. ముందుగాల మొన్నటి మాట వాపస్ తీస్కో.”

“ఏం మాట?”

“నీకు మతికున్నది. వీళ్ళకు గూడ మతికున్నది.”

డ్రైవర్లు ఇకిలిస్తున్నారు. భూమేశ్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. తెలుసుకోవాలన్న దురద అతనిలో గొప్పగా ఉంది, అది మాత్రం ఒప్పుకోవాలి. “సరే తల్లీ. నీకు నడుపొస్తది. తీస్కున్న వాపస్. ఇగ చెప్పు.”

ఆమె మూత తీసి అతని చేతిలో పెట్టింది. అతను తూటు చూశాడు, అంచులకు ఇంకా అంటుకున్న పసుపు చూశాడు, నెత్తి మీద ఠప్పున కొట్టుకున్నాడు. “మూత నేనే తీసిన గదనే! రెండు పార్లు తీసిన!”

“గాడీ చాంగ్లీ ఆహే,” అన్నాడు డోంగ్లి ఆసామి. బండి బాగుందట, ఇప్పుడే తీసుకుంటాడట. హరిలాల్ ముఖం వెలిగింది. జేబులోంచి కాగితాలు తీసి తమ్ముడి ముందు పెట్టాడు. ఆగే బండికంటే నడిచే బండికి గిరాకీ ఎక్కువ కదా. ఈ మలుపు నేను ఊహించలేదు.

దేవీసింగ్ పెన్ను పట్టుకున్నాడు. జమున అతని వైపు చూడలేదు. మూత బిగించి, స్టీరింగు ముందుకెళ్ళి కూర్చుని రోడ్డు చూస్తోంది, అంతే.

“నడ్వని బండని గదా అమ్ముదామన్నవ్, దాదా?” అన్నాడు దేవీసింగ్ అన్నతో. “నడుస్తుంది గదా.” పెన్ను తిరిగి ఇచ్చేశాడు. “సంతకం వెట్ట.”

“సగం నాది!” అరిచాడు హరిలాల్. “బండిల సగం నాదిరా!”

జమున కొంగు నుదుటి మీదికి లాక్కుని, తల బయటపెట్టింది. “సగం నీదే బావా, ఎవరు కాదన్నరు? నీ సగం ఏదో చెప్పు. ముంగటిదా, ఎనుకదా? ఏ సగమైతే ఆ సగంల ఎక్కి కూసో. తండాకు పోతున్న.”

భూమేశ్ షెడ్డు మొత్తం పగలబడి నవ్వింది. ఆసామి కూడా నవ్వి, తనను బస్టాండు దగ్గర దింపమని అడిగాడు. హరిలాల్ కాసేపు రోడ్డుకు ఆ చివరా ఈ చివరా చూశాడు. ఆమె రేసిచ్చింది. బండి కదులుతుండగా అతను పరుగెత్తి వెనకే ఎక్కాడు.